మీకు తెలుసా? ‘యాక్’ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు

◆ పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు. పప్పు తూచి పొట్లం కట్టాక మీరు ఫోను తీసి క్యూఆర్ స్కాన్ చేస్తారు, పిన్ కొడతారు. కొట్టాయన మీ ఫోను వంక చూడడు. బల్ల మీదున్న స్పీకరు డబ్బా పలికేదాకా ‘‘డబ్బులు పడ్డాయేటి బాబూ?’’ అన్న ప్రశ్న గాల్లోనే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో మీ బ్యాంకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, కొట్టాయన బ్యాంకుల నడుమ అరడజనుకు పైనే సందేశాలు తిరుగుతాయి. అవి ఎక్స్‌ఎంఎల్ సందేశాలు. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ 2016 ఏప్రిల్ 11న యూపీఐని ప్రారంభించినప్పుడు ఎన్‌పీసీఐ ఎంచుకున్న రాత పద్ధతి అదే.

చిత్రం ఏమిటంటే మీరు స్కాన్ చేసిన ఆ క్యూఆర్ ముక్కలో మాత్రం ఎక్స్‌ఎంఎల్ లేదు. అందులో ఉన్నది మామూలు లింకు లాంటి ఒక వరస: కొట్టాయన యూపీఐ ఐడీ, పేరు, కావాలంటే మొత్తం. అసలు ఉత్తరప్రత్యుత్తరాలు ఆ తర్వాతే మొదలవుతాయి.

◆ ఎక్స్‌ఎంఎల్ సందేశంలో ప్రతి సమాచారం ముక్కా పేరున్న రెండు ట్యాగుల మధ్య ఉంటుంది. అన్నిటినీ చుట్టి ఒకే ఒక పెద్ద ట్యాగు ఉంటుంది. అదే రూట్ ఎలిమెంట్. అది ఒక్కటే ఉండాలన్నది 1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ విడుదల చేసిన ప్రమాణంలోనే ఉన్న నియమం. రెండు సందేశాలను ఒకదాని కింద ఒకటి ఒకే ఫైలులో అతికిస్తే అది ఎక్స్‌ఎంఎల్ కాకుండా పోతుంది. రోజంతా వచ్చిన సందేశాలను ఒకే లాగ్ ఫైలులో పోగేసి, సాయంత్రం దాన్ని యథాతథంగా చదివించబోతే రెండో సందేశం మొదట్లోనే చదివే ప్రోగ్రాము ఆగిపోతుంది.

◆ యూపీఐలో ఈ రూట్ పేర్లు ఒకటీ రెండూ కావు. డబ్బు పంపమని అడిగితే ‘రెక్‌పే’. దానికి ఫలితం ‘రెస్ప్‌పే’. ఫలానా యూపీఐ ఐడీ వెనక ఎవరున్నారో చెప్పమంటే ‘రెక్‌వాల్‌యాడ్’. బ్యాలెన్సు చూపమంటే ‘రెక్‌బాల్‌ఎన్క్’. ఆ లావాదేవీ గతి ఏమైందని ఆరా తీస్తే ‘రెక్‌చెక్‌టెక్స్‌ఎన్’. ఏ పనీ లేనప్పుడు కూడా ‘నేను బతికే ఉన్నాను’ అని చెప్పుకోవడానికి ‘రెక్‌హెచ్‌బీటీ’ అని గుండె చప్పుడు సందేశం ఒకటి ఉంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ‘యాక్’. ఎవరు ఏ సందేశం పంపినా అవతలివాళ్లు వెంటనే పంపే చిన్న రసీదు ఇది. దాని అర్థం ‘నీ సందేశం అందింది’ అని మాత్రమే. డబ్బు కదిలిందీ లేనిదీ తర్వాత విడిగా వచ్చే ‘రెస్ప్‌పే’ చెబుతుంది. అంటే సందేశం చేరడానికీ డబ్బు చేరడానికీ మధ్య ఉన్న తేడా అంతా రూట్ ట్యాగు పేరులో ఉందన్నమాట. ‘యాక్’ను చూసి ‘రెస్ప్‌పే’ అనుకునే ప్రోగ్రాము రాసినవాడు కొట్టాయన చేత పొట్లం ముందే ఇప్పించేస్తాడు.

◆ మరి ప్రోగ్రాముకు ఇందులో ఇబ్బంది ఎక్కడొచ్చింది? ప్రోగ్రాము పచ్చి ఎక్స్‌ఎంఎల్‌తో పని చేయడానికి ఇష్టపడదు. దానికి ఆబ్జెక్టు కావాలి. మొత్తం ఎంత, పంపినవారు ఎవరు, ఫలితం ఏమిటి అని నేరుగా అడిగితే జవాబిచ్చే ఒక అమరిక. ఆ అమరికకు నమూనా క్లాసు. ‘రెక్‌పే’కు ఒక క్లాసు, ‘రెస్ప్‌పే’కు ఒక క్లాసు. ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టుగా మార్చే పనిముట్లు జావాలో జాక్స్‌బి, డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ అని ఎప్పట్నుంచో ఉన్నాయి. అవి అడిగే మొదటి ప్రశ్న ‘ఏ క్లాసుగా మార్చమంటావు?’ అని. సందేశం విప్పందే అది ఏమిటో తెలియదు. ఏమిటో చెప్పందే పనిముట్టు విప్పదు. చిక్కుముడి అక్కడ పడుతుంది.

తపాలా సార్టింగ్‌లో ఈ చిక్కును ఎప్పుడో విప్పేశారు. కవరు మీద పిన్‌కోడ్ 532తో మొదలైతే శ్రీకాకుళం వైపు సంచిలోకి, 535 అయితే విజయనగరం వైపు సంచిలోకి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక, కవరు చింపకుండానే ఉత్తరం దారి తేలిపోయింది. ప్రోగ్రాము చేయాల్సిందీ అంతే. మొత్తం సందేశాన్ని విప్పకముందు రూట్ ట్యాగు పేరు ఒక్కటే చదవాలి. ఏ పేరుకు ఏ క్లాసో ముందే రాసి పెట్టుకున్న పట్టికలో చూసుకోవాలి. అప్పుడు ఆ క్లాసుకు అప్పగించాలి.

◆ జావాలో ఇలా తొంగిచూడటానికి స్టాక్స్ అనే చదువరి ఉంది. మొదటి ట్యాగు దాకా నడిపించి, పేరు అడిగి, అక్కడే నిలబెట్టి, అదే చదువరిని జాక్స్‌బి చేతికి ఇచ్చేయవచ్చు. సందేశాన్ని రెండోసారి మొదట్నుంచి చదవనక్కర్లేదు. డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ రీడర్‌కు ‘మూవ్‌టుకంటెంట్’ అని ఇదే పని చేసే పిలుపు ఉంది. ‘ఈ రూట్ నీకు తెలిసినదేనా?’ అని ముందుగా అడగడానికి సీరియలైజర్‌లో ‘కెన్‌డీసీరియలైజ్’ అనే పిలుపు కూడా ఉంది. పైథాన్‌లో రూట్ ట్యాగు అడిగితే, ఆ ట్యాగు ఏ కుటుంబానిదో చెప్పే నేమ్‌స్పేస్‌తో సహా పేరు చేతిలో పెడుతుంది.

ఇంకా బద్ధకంగా చేయాలన్నా జావాలో దారి ఉంది. క్లాసులన్నిటికీ రూట్ పేరు తగిలించి, అన్నిటినీ ఒకే జాక్స్‌బి కాంటెక్స్ట్‌లో నమోదు చేస్తే పట్టిక పని అదే చూసుకుంటుంది. చేతికొచ్చిన ఆబ్జెక్టు ఏ జాతిదో అడిగి తెలుసుకుంటే చాలు. నా ఓటు దీనికే, క్లాసులన్నీ మన చేతిలో ఉన్నప్పుడు.

◆ ఆ కాంటెక్స్ట్ తయారీ మాత్రం ఖరీదైన పని. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా ఇసక వేస్తే రాలని జనం, బొమ్మల కొట్టు నుంచి బెల్లం జీళ్ల బండి దాకా అందరి దగ్గరా క్యూఆర్ అట్టలు. అలాంటి రోజు వచ్చే ప్రతి సందేశానికీ కొత్తగా కాంటెక్స్ట్ కట్టే ప్రోగ్రాము ఆయాసంతో కూలబడుతుంది. ఒక్కసారి కట్టి అందరూ పంచుకోవాలి. కాంటెక్స్ట్‌ను ఎందరు ఏకకాలంలో వాడినా ఫరవాలేదు. దాన్నుంచి పుట్టి సందేశాన్ని ఆబ్జెక్టుగా మార్చే అన్‌మార్షలర్ మాత్రం ఎవరిది వారికే ఉండాలి.

◆ డాట్‌నెట్‌లో ఇంతకన్నా దొంగదెబ్బ ఒకటి ఉంది. రూట్ పేరు మారుతోంది కదా అని, ఆ పేరును సీరియలైజర్ తయారు చేసేటప్పుడే అందించే సౌకర్యం ఇచ్చారు. బాగానే ఉంది. కానీ ఆ దారిలో తయారైన ప్రతి సీరియలైజర్ వెనకా ఒక కొత్త అసెంబ్లీ (కోడు మూట) పుట్టి మెమరీలో ఉండిపోతుంది. మళ్లీ వాడుకోదు, వదిలిపెట్టదు. సర్వరు రోజులు గడిచేకొద్దీ ఉబ్బుతూ పోతుంది. ఒకసారి తయారైనదాన్ని మనమే దాచుకుని తిరిగి వాడాలని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే రాసి ఉంది. ఆ పేరా చదివేసరికి చాలామందికి సర్వరు పడిపోయి ఉంటుంది.

◆ రూట్ పేరు చూడకుండా ‘ఇది రెస్ప్‌పేనే, మార్చెయ్’ అని క్లాసును బలవంతంగా చేతికిస్తే ఏమవుతుంది? జాక్స్‌బి మారు మాట్లాడకుండా మార్చేస్తుంది! క్లాసు పేరు మీరే చెప్పారు కాబట్టి రూట్ పేరు సరిపోయిందా అని అది చూడదు. లోపల తనకు తెలియని ట్యాగులు కనబడితే మామూలు అమరికలో వాటిని దాటేస్తుంది. చివరకు మీ చేతికొచ్చేది చక్కని ఆబ్జెక్టే. లోపల అన్నీ ఖాళీలు. మొత్తం ఖాళీ, ఫలితం ఖాళీ. ఎర్రటి పొరపాటు సందేశం ఒక్కటీ రాదు.

క్లాసు పేరు మీరు చెప్పకుండా రూట్ ప్రకారం వెతుక్కోమంటే మాత్రం, తెలియని రూట్ తగలగానే ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎలిమెంట్’ అని అరిచి, తనకు తెలిసిన పేర్ల జాబితా కూడా చదువుతుంది. అరిచే ప్రోగ్రాము చిరాకు పెడుతుంది, నిజమే. డబ్బు లెక్కల దగ్గర ఖాళీ ఆబ్జెక్టు చేతిలో పెట్టి ఊరుకునేదానికన్నా నాకు అదే నయం.

◆ రూట్ పేరు తెలిసిపోయింది కదా, ఇక పని అయిపోయినట్టే అనుకోకండి. యూపీఐలోని ‘రెక్‌పే’నే తీసుకోండి. మీరు డబ్బు పంపితే ‘రెక్‌పే’. మీ బ్యాంకుకు ‘ఈ ఖాతాలో తగ్గించు’ అని ఎన్‌పీసీఐ చెప్పడానికీ ‘రెక్‌పే’. కొట్టాయన బ్యాంకుకు ‘ఆ ఖాతాలో వెయ్యి’ అని చెప్పడానికీ ‘రెక్‌పే’నే. తేడా లోపలున్న ‘టెక్స్‌ఎన్’ అనే ట్యాగులో, దాని టైప్ అన్న గుణంలో ఉంటుంది: పే, కలెక్ట్, డెబిట్, క్రెడిట్, రివర్సల్. ఒకే గుమ్మం నుంచి ఒకే పేరుతో వచ్చి, ఒకటి ఖాతాలో తీసి ఒకటి ఖాతాలో వేస్తుంది. రూట్ చూసి క్లాసు తేల్చుకున్నాక, టైప్ చూసి పని తేల్చుకోవాలి. ఈ రెండో మెట్టు మరిచిపోతే వచ్చే గొడవ ఏ స్థాయిదో ఊహించుకోవచ్చు.

◆ పెద్ద మొత్తాలు వెళ్లే ఆర్‌టీజీఎస్ దారి వేరే. మన ఆర్‌టీజీఎస్ 2013 అక్టోబరు నుంచి ఐఎస్ఓ 20022 సందేశాలతో నడుస్తోంది. ఆ ప్రమాణంలో రూట్ పేరు ఏమిటో తెలుసా? ‘డాక్యుమెంట్’. డబ్బు బదిలీ అయినా ‘డాక్యుమెంట్’, ఖాతా వివరణ అయినా ‘డాక్యుమెంట్’, సందేశం తిరస్కరించినా ‘డాక్యుమెంట్’. పేరు చూసి క్లాసు ఎంచుకునే పట్టిక ఇక్కడ ఎందుకూ కొరగాదు. పేరు వెనకున్న నేమ్‌స్పేస్ చూడాలి. చాంతాడంత ఉండే ఆ వరస చివర్న ‘పాక్స్.008’, ‘క్యామ్ట్.053’ లాంటి గుర్తు, దాని వెంట వెర్షన్ అంకె ఉంటాయి. అసలు ఇంటిపేరు అదే.

కాబట్టి పట్టికలో ఎడమ పక్కన రాసుకోవాల్సింది ఉత్త పేరు కాదు, నేమ్‌స్పేసూ పేరూ కలిపి. ముందు నుంచీ అలా రాసుకున్నవాళ్లకు యూపీఐ అయినా ఆర్‌టీజీఎస్ అయినా ఒకే ప్రోగ్రాము సరిపోతుంది.

◆ మూడో రకం సందేశం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు బాగా దగ్గరిది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకు ఒరిగాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతూ విజయనగరాన్నీ శ్రీకాకుళాన్నీ ఊపేసింది. బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో అక్టోబరు వచ్చిందంటే ఇప్పటికీ ఆకాశం వంక ఒక కన్ను వేసి ఉంచుతారు.

ఇలాంటి విపత్తుల హెచ్చరికలను ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు చేరవేయడానికి ప్రపంచమంతటా వాడే ఎక్స్‌ఎంఎల్ రూపం ఒకటి ఉంది, కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అని. అందరూ క్యాప్ అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2 వెర్షన్ 2010 నాటిది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం సీ-డాట్ తయారుచేసిన ‘సచేత్’ వ్యవస్థ క్యాప్ మీదే నడుస్తుంది. ఫోనుకు వచ్చే పిడుగు హెచ్చరిక, వాన హెచ్చరిక వెనక ఉన్నది ఇదే. ఒకే హెచ్చరికలో ఒక్కో భాషకు ఒక్కో ‘ఇన్ఫో’ భాగం పెట్టుకునే వీలుంది, తెలుగుకూ ఒకటి.

ఇక్కడ రూట్ పేరు ఎప్పుడూ ‘అలర్ట్’. నేమ్‌స్పేస్ కూడా, వెర్షన్ మారనంత వరకు, మారదు. మారేది లోపలున్న ‘ఎంఎస్‌జీటైప్’ అనే ట్యాగు: అలర్ట్, అప్‌డేట్, క్యాన్సిల్, యాక్, ఎర్రర్. దాని పక్కన ‘స్టేటస్’ అని ఇంకొకటి, ఇది నిజమైనదా, కసరత్తు కోసం పంపిందా, పరీక్ష కోసం పంపిందా అని చెప్పేది. రూట్ చూసి ‘అలర్ట్ వచ్చింది’ అని సైరన్ మోగించే ప్రోగ్రాము, తుపాను దారి మళ్లాక ‘హెచ్చరిక రద్దు’ అని వచ్చిన సందేశానికి కూడా సైరన్ మోగిస్తుంది. మాక్ డ్రిల్లు కోసం పంపినదానికీ మోగిస్తుంది. అప్పుడు వేటకెళ్లిన పడవలన్నీ ఉత్తపుణ్యానికి వెనక్కి తిరగాలి.

యూపీఐ పేరులో తేడా పెట్టింది, ఐఎస్ఓ ఇంటిపేరులో పెట్టింది, క్యాప్ కడుపులో పెట్టింది. ఏది గొప్ప అంటే నేను యూపీఐ వైపే మొగ్గుతాను. తొంగిచూస్తే చాలు, సగం విషయం తెలిసిపోతుంది. క్యాప్‌ను తయారుచేసినవాళ్ల పద్ధతి కూడా తీసిపారేయదగ్గది కాదు. హెచ్చరికను అందుకునే పరికరం చిన్నదైనా, పాతదైనా, ఒక్క క్లాసు తెలిస్తే అన్ని రకాలూ చదివేయగలగడం దానిలోని లాభం.

◆ సీతంపేట కొండల్లోని ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే అవ్వను చూశారా? ఆ వేలిముద్ర వెనక నడిచే రూట్ ట్యాగుల ఊరేగింపు ఇదీ: ఫోనులోని యాప్ వేలిముద్ర పరికరానికి ‘పిడ్‌ఆప్షన్స్’ పంపుతుంది. పరికరం ‘పిడ్‌డేటా’ తిరిగి ఇస్తుంది. ఆధార్ సర్వరుకు వెళ్లేది ‘ఆథ్’. అక్కడినుంచి వచ్చేది ‘ఆథ్‌రెస్’. అందులో ‘వై’ అని ఉంటే సరిపోయింది. ‘ఎన్’ అని, పక్కన 300 అంకె ఉంటే వేలిముద్ర కలవలేదని అర్థం. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, ఆ జీడి అంటీ అంటీ వేళ్లు అరిగినవాళ్లకు ఆ 300 అంకె ఎంత పాత పరిచయమో ప్రోగ్రాము రాసేవాళ్లకు తెలియదు.

ఆధార్ వివరాలు తెచ్చుకునే ఈ-కేవైసీలో తమాషా ఇంకా ఎక్కువ. ‘కేవైసీ’ అనే రూట్ ఉన్న సందేశం లోపల, ‘ఆథ్’ రూట్ ఉన్న మరో పూర్తి సందేశాన్ని బేస్64 అక్షరాలుగా మార్చి కుక్కుతారు. జవాబుగా వచ్చే ‘రెస్ప్’ లోపల తాళం వేసిన మూట ఉంటుంది. తాళం తీస్తే ‘కేవైసీరెస్’ అని మరో రూట్. దాని లోపల మళ్లీ బేస్64 మూటలో ‘ఆథ్‌రెస్’. ఇక్కడ తొంగిచూడటం ఒకసారితో తేలేది కాదు. పొర విప్పిన ప్రతిసారీ రూట్ పేరు చదివి, పట్టిక చూసి, ఆబ్జెక్టు చేసుకుని, మళ్లీ లోపలికి.

◆ పాత ఆధార్ కార్డుల మీది క్యూఆర్‌లో ఉన్నది కూడా ఎక్స్‌ఎంఎల్లే. దాని రూట్ పేరు ‘ప్రింట్‌లెటర్‌బార్‌కోడ్‌డేటా’. లోపల వేరే ట్యాగులు లేవు; పేరు, ఊరు, జిల్లా, పిన్‌కోడ్ అన్నీ ఆ ఒక్క ట్యాగుకే గుణాలుగా తగిలించి ఉంటాయి. ఆన్‌లైన్‌లో దించుకునే ఆఫ్‌లైన్ కేవైసీ ఫైలు రూట్ వేరే, ‘ఆఫ్‌లైన్‌పేపర్‌లెస్‌కేవైసీ’. 2018 తర్వాత వచ్చిన సెక్యూర్ క్యూఆర్‌లో అసలు ఎక్స్‌ఎంఎల్లే లేదు, కుదించిన బైట్లు. ముగ్గురు మనుషులు ముగ్గురూ ఆధారే చూపించినా, ప్రోగ్రాముకు మూడు రకాల తలుపులు.

రూట్ సరిగ్గా పట్టుకున్నాక కూడా లోపలి విలువ మోసం చేయగలదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లా, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లా. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అంతకుముందు అచ్చయిన కార్డు క్యూఆర్‌లో పాత జిల్లాయే ఉంటుంది. ‘కార్డులో జిల్లా వేరే ఉంది’ అని దరఖాస్తును తోసిపుచ్చే ప్రోగ్రాము, రాజాం మనిషిని తన ఊరు కదలకుండానే పరాయివాణ్ని చేస్తుంది.

◆ పలాస జీడి వ్యాపారుల గుమస్తాలకు ట్యాలీ పరిచయం అక్కర్లేదు. 1986లో మొదలైన ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు బయటి ప్రోగ్రాములతో మాట్లాడేదీ ఎక్స్‌ఎంఎల్‌లోనే, మామూలుగా 9000 పోర్టు మీద. లెక్కలు అడిగితే ‘ఎన్వలప్’ అనే రూట్‌తో జవాబు వస్తుంది. ‘ఉన్నావా?’ అని ఉత్తినే తలుపు తడితే, సర్వరు నడుస్తోందని ‘రెస్పాన్స్’ అనే రూట్‌తో ఒక ముక్క చెబుతుంది. అర్థంకానిది అడిగినా ‘రెస్పాన్స్’ అనే అంటుంది. ‘ఎన్వలప్’ ఒక్కదానికే క్లాసు రాసుకుని కూర్చున్న ప్రోగ్రాము, ట్యాలీ ‘నాకు తెలియలేదు’ అన్న రోజునే కుప్పకూలుతుంది. తేదీల లెక్కలన్నీ పరీక్షించి, అవతలివాడు కాదంటే ఏమవుతుందో పరీక్షించకపోవడం మన దగ్గర పాత జబ్బే.

◆ రూట్ పేరు కోసం ‘మొదటి పది అక్షరాలు చూస్తే పోలా’ అనుకునేవాళ్లు ఉంటారు. పోదు. ముందు ఎక్స్‌ఎంఎల్ ప్రకటన ఉండొచ్చు. దాని తర్వాత ఎవరో రాసుకున్న వ్యాఖ్య ఉండొచ్చు, అందులో పాత ట్యాగు పేరు కూడా ఉండొచ్చు. అన్నిటికన్నా ముందు కంటికి కనబడని బీఓఎం గుర్తు దాక్కుని ఉండొచ్చు. ట్యాగుకు ముందు తగిలించే పొట్టి పేరు సంగతి సరేసరి. ఒక బ్యాంకు ‘యూపీఐ’ అని తగిలిస్తే, మరో ప్రోగ్రాము ‘ఎన్ఎస్2’ అని తగిలిస్తుంది. వెనకున్న నేమ్‌స్పేస్ ఒకటే అయితే రెండూ ఒకటే. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వస్తే మాత్రం రెండూ ఒకటి కావు, ఎంత బతిమాలినా. తొంగిచూసే పని కూడా సరైన చదువరికే వదలాలి.

◆ ట్యాగు పేరు తెలుగులో పెట్టొచ్చని తెలుసా? ప్రమాణం నిక్షేపంగా ఒప్పుకుంటుంది. ‘చెల్లింపు’ అని రూట్ పెట్టుకుని, దాన్ని క్లాసుకు ముడివేస్తే జాక్స్‌బి ఏమీ అనదు. ఎవరూ పెట్టరు, అది వేరే సంగతి.

పెట్టేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. ‘పేపర్‌లెస్’ లాంటి మాట రాసేటప్పుడు ‘ర్’కూ ‘లె’కూ మధ్య ఒత్తు పడకుండా కీబోర్డు ఒక కనబడని గుర్తును చొప్పిస్తుంది. కొన్ని చోట్ల ఆ గుర్తు ఉన్నా లేకున్నా కంటికి తేడా తెలియదు. కానీ ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు పేర్లు. పట్టికలో వెతికితే దొరకదు, తెర మీద చూస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. రూట్ పేర్ల మాట అటుంచండి, ఇదే గుర్తు మనుషుల పేర్లలోనూ ఇంటిపేర్లలోనూ చేరి రెండు రికార్డులు కలవకుండా చేస్తుంది. తల పట్టుకు కూర్చోబెట్టే తప్పుల్లో దీనికి ముందు వరసలో చోటివ్వాలి.

◆ ‘శ్రీకాకుళం’ అన్న మాటలో కంప్యూటరు లెక్కన 10 గుర్తులు. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం… ఇలా. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 30. ‘విజయనగరం’ 8 గుర్తులు, 24 బైట్లు. ఇంగ్లిష్‌లో రాస్తే విజయనగరమే పొడుగు, తెలుగులో శ్రీకాకుళం గెలుస్తుంది. సందేశంలో ఊరి పేరుకు 20 బైట్లే కేటాయించిన పాత ప్రోగ్రాముకు రెండూ పట్టవు. మధ్యలో కోసేస్తే చివరి అక్షరం సగమై, ఆ ఎక్స్‌ఎంఎల్ మొత్తాన్నీ చదువరి తిప్పికొడుతుంది.

◆ ఆఫ్‌లైన్ ఆధార్ ఫైలుకూ, యూపీఐ సందేశాలకూ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం అక్షరం అక్షరానికీ లెక్క కట్టి వేసినది. ముందు ఆబ్జెక్టుగా మార్చేసి, దాన్ని మళ్లీ ఎక్స్‌ఎంఎల్‌గా రాసి, అప్పుడు సంతకం సరిచూద్దామంటే చెల్లదు. మధ్యలో మీ క్లాసుకు తెలియని ట్యాగు ఒకటి రాలిపోయి ఉంటుంది, లేదా ఖాళీ జాగా ఒకటి మారి ఉంటుంది. వచ్చింది వచ్చినట్టు ఉండగానే సంతకం చూడాలి. ఆ తర్వాతే ఆబ్జెక్టు. సంతకం ఏ భాగం మీద ఉందో కూడా చూడాలి. మంచి సంతకం ఉన్న పాత భాగాన్ని కొత్త రూట్ కింద దాచిపెట్టి, పక్కన తమ సొంత భాగం చేర్చి పంపే దొంగలు ఉన్నారు. సంతకం నిజమైనదే, ఆబ్జెక్టులోకి వెళ్లింది మాత్రం దొంగది.

ఇంకో మాట. రూట్ కన్నా ముందు డాక్‌టైప్ అనే ప్రకటన పెట్టే వీలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంది. దాని ద్వారా మీ సర్వరులోని ఫైళ్లను చదివించొచ్చు, పది వరసల సందేశంతో మెమరీ మొత్తం నింపేయొచ్చు. తొంగిచూడటం కూడా ఒక చదవడమే కాబట్టి, తొంగిచూసే చదువరికి సైతం డాక్‌టైప్‌ను ఆపేసి ఉంచాలి. అసలు క్లాసుగా మార్చే చోట ఆపి, తొంగిచూసే చోట మరిచిపోయినవాళ్లు తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి పెట్టినవాళ్లు.

◆ పట్టికలో లేని రూట్ వస్తే? వస్తుంది. యూపీఐలో మొదట్లో లేని మ్యాండేట్ (ముందస్తు అనుమతి) సందేశాలు తర్వాత వచ్చి చేరాయి. రేపు ఇంకొకటి వస్తుంది. మంచి ప్రోగ్రాము దాన్ని పారేయదు, ఉన్న క్లాసుల్లో దగ్గరగా కనబడినదానికి అంటగట్టదు. వచ్చిన సందేశాన్ని చెక్కుచెదరకుండా పక్కన భద్రపరుస్తుంది. రూట్ పేరు, నేమ్‌స్పేస్, వచ్చిన వేళ లాగ్‌లో రాస్తుంది. అవతలివాళ్లకు ‘యాక్’ పంపాలా వద్దా అన్నది మాత్రం ప్రోగ్రామరు సొంతంగా తేల్చుకోకూడదు. అది ఆ వ్యవస్థ నియమాల పుస్తకం చూసి తేల్చాల్సిన మాట.